ఘాతాంకంలో దాగిన x: లాగ్‌తో ఎప్పుడు, ప్రతిక్షేపణతో ఎప్పుడు?

3x = 20 అని రాస్తే ఎనిమిదో తరగతి పిల్లలు కూడా 20ని 3తో భాగించేస్తారు. x³ = 20 అంటే ఘనమూలం గుర్తొస్తుంది. అదే 3ˣ = 20 అని రాయగానే ఇంటర్ విద్యార్థి చేయి కూడా కాసేపు ఆగిపోతుంది. x కింద ఉన్నంతసేపు దాన్ని పట్టుకునే పనిముట్లు మన దగ్గర ఉన్నాయి. అది ఘాతాంకంలోకి ఎక్కి కూర్చుంటే కూడిక, తీసివేత, భాగహారం ఏవీ అక్కడికి అందవు. దాన్ని కిందికి దించాలి. ఆ దించే పని చేసేది సంవర్గమానం, అంటే లాగ్.

ఇన్నేళ్లుగా పిల్లల నోటు పుస్తకాలు దిద్దుతూ నేను గమనించింది ఒకటుంది. ఈ పాఠంలో సూత్రం తెలియక తప్పుచేసేవాళ్లు తక్కువ, ఏ సమీకరణానికి ఏ పద్ధతో తేల్చుకోలేక తప్పుచేసేవాళ్లు ఎక్కువ. తేల్చుకోవడానికి చూడాల్సింది ఒక్క విషయమే: ఘాత పదాల మధ్య ఉన్నది గుణకారమా, కూడికా? గుణకారం, భాగహారం మాత్రమే ఉంటే నేరుగా లాగ్ తీసుకోవచ్చు. మధ్యలో + గానీ − గానీ కనబడితే లాగ్ అక్కడ పనిచేయదు. ముందు ప్రతిక్షేపణ చేసి, అంటే ఘాత పదం స్థానంలో ఒక కొత్త అక్షరం పెట్టి, ఆ కూడికను వదిలించుకున్నాకే లాగ్ వంతు వస్తుంది.

ముందుగా రెండు సంగతులు

2ˣ, 3ˣ, 10ˣ లాంటి వాటిలో కింద ఉన్న సంఖ్యను ఆధారం అంటాం, బడి పుస్తకాల్లో భూమి అని కూడా ఉంటుంది. ఆధారం ధనసంఖ్య అయినప్పుడు, x ఏ వాస్తవ సంఖ్య అయినా సరే, ఫలితం ఎప్పుడూ ధనాత్మకమే. 2⁻¹⁰ విలువ 1/1024. అది చాలా చిన్నదే, అయినా సున్నా కన్నా పెద్దదే. ఈ మాటను నోటు పుస్తకం మొదటి పేజీలో రాసుకోండి, సగం లెక్కల్లో చివరి నిర్ణయం దీని మీదే ఆధారపడుతుంది.

రెండోది, ఆధారం 1 కానప్పుడు ఒక విలువ ఒక్క ఘాతాంకానికే వస్తుంది. కాబట్టి రెండు వైపులా ఒకే ఆధారం ఉంటే ఘాతాంకాలను సమానం చేసేయవచ్చు. 8ˣ⁻¹ = 4ˣ⁺² చూడండి. 8, 4 రెండూ 2కు ఘాతాలే. ఎడమ వైపు 2³ˣ⁻³, కుడి వైపు 2²ˣ⁺⁴ అవుతాయి. 3x − 3 = 2x + 4, అంటే x = 7. సరిచూస్తే 8⁶ = 2,62,144, 4⁹ కూడా 2,62,144. ఇలాంటి లెక్కకు లాగ్ తీయడం శ్రమ దండగ. అందుకే ఏ లెక్కలోనైనా మొదటి చూపు ఆధారాల మీద పడాలి: 4, 8, 16, 32 కనబడితే ఆధారం 2; 9, 27, 81 కనబడితే 3; 25, 125 కనబడితే 5.

లాగ్ అంటే ఒక ప్రశ్న

లాగ్ అనే మాట వినగానే బెదిరిపోయేవాళ్లకు దాని తెలుగు పేరే ధైర్యం చెబుతుంది. ఆర్యభటీయంలో సంవర్గం అంటే గుణకారం. సమానమైన రెండు రాశుల సంవర్గం వర్గమనీ, మూడింటి సంవర్గం ఘనమనీ ఆర్యభటుడు 499లో రాశాడు. సంవర్గమానం అంటే ఆ గుణకారాల లెక్క: ఎన్నిసార్లు గుణిస్తే ఈ సంఖ్య వస్తుంది? 9వ శతాబ్దంలో జైన పండితుడు వీరసేనుడు ధవళ అనే వ్యాఖ్యలో అర్ధచ్ఛేదం అనే భావన వాడాడు. ఒక సంఖ్యను ఎన్నిసార్లు సగం చేయవచ్చో అదే దాని అర్ధచ్ఛేదం. 32కు అది 5. 2కు ఘాతాలైన సంఖ్యల విషయంలో ఇది 2 ఆధారంగా ఉన్న లాగ్ తప్ప మరొకటి కాదు. 1614లో స్కాట్లండ్ గణితవేత్త నేపియర్ ప్రచురించిన పట్టికలు, వాటి వెంట 1617లో ఇంగ్లండ్ గణితవేత్త బ్రిగ్స్ 10 ఆధారంగా తెచ్చిన పట్టికలు ఈ ప్రశ్నకు పూర్ణాంకాలు కాని జవాబులను కూడా అందరికీ అందుబాటులోకి తెచ్చాయి.

మనకు కావాల్సిన ధర్మం ఒకటే: లాగ్ తీస్తే ఘాతాంకం కిందికి దిగి గుణకమవుతుంది. లాగ్ (3ˣ) = x · లాగ్ 3.

ఇప్పుడు 3ˣ = 20 దగ్గరికి వద్దాం. కలం కదిపే ముందు అంచనా వేయండి. 3² = 9, 3³ = 27. 20 వీటి మధ్యలో, 27కు దగ్గరగా ఉంది. కనుక x 2కు, 3కు మధ్యలో, 3 వైపుగా ఉండాలి. ఇప్పుడు రెండు వైపులా 10 ఆధారంగా లాగ్ తీసుకుంటే

x · లాగ్ 3 = లాగ్ 20
x = లాగ్ 20 / లాగ్ 3 = 1.3010 / 0.4771 ≈ 2.727

అంచనాకు సరిపోయింది. ఇక్కడే ఎక్కువమంది జారిపోతారు. లాగ్ 20 / లాగ్ 3 అన్నదాన్ని లాగ్ 20 − లాగ్ 3 అని మార్చేస్తారు. అలా చేస్తే 0.824 వస్తుంది. రెండు లాగ్‌ల తేడా (20/3)కి లాగ్ అవుతుంది. రెండు లాగ్‌ల భాగహారం పూర్తిగా వేరు, అది రెండు మామూలు సంఖ్యల భాగహారం మాత్రమే. ముందే అంచనా వేసుకున్నవాళ్లు 0.824 చూడగానే తప్పు పట్టేస్తారు. అందుకే అంచనా దశను ఎవరూ మానొద్దని పట్టుబడతాను.

లాగ్ ఏ ఆధారంతో తీయాలి? మీ ఇష్టం. ఫోన్ క్యాలిక్యులేటర్‌లో 10 ఆధారంగా ఉన్న మీట, సహజ సంవర్గమానం మీట రెండూ ఉంటాయి. ఏది నొక్కినా పై భాగహారం ఫలితం మారదు. పైన ఒకటి, కింద ఒకటి నొక్కితే మాత్రం లెక్క పోయినట్టే. ఎప్‌సెట్, జేఈఈ మెయిన్ లాంటి పరీక్షల్లో క్యాలిక్యులేటర్ ఉండదు కాబట్టి మూడు విలువలు కంఠస్థం చేయండి: లాగ్ 2 = 0.3010, లాగ్ 3 = 0.4771, లాగ్ 7 = 0.8451. లాగ్ 5 గుర్తుపెట్టుకోనక్కర్లేదు. 5 = 10/2 కనుక అది 1 − 0.3010 = 0.6990. ఈ నాలుగింటితో 1 నుంచి 10 దాకా అన్నీ వచ్చేస్తాయి.

రెండు వైపులా x ఉంటే ఇంకో మెట్టు ఎక్కాలి. 5ˣ⁻¹ = 2ˣ⁺³ లో ఆధారాలు కలవవు, కానీ ఎక్కడా కూడిక లేదు (ఘాతాంకం లోపలి కూడిక లెక్కలోకి రాదు). లాగ్ తీద్దాం.

(x − 1) లాగ్ 5 = (x + 3) లాగ్ 2

కుండలీకరణాలు తప్పనిసరి. అవి లేకపోతే లాగ్ ఒక పదానికే అంటుకుని లెక్క చెడుతుంది. విప్పి, x ఉన్నవన్నీ ఒక వైపుకు తెస్తే

x (లాగ్ 5 − లాగ్ 2) = 3 లాగ్ 2 + లాగ్ 5 = లాగ్ 40
x = 1.6021 / 0.3980 ≈ 4.03

లాగ్ 5, లాగ్ 2 చూడటానికి భయపెట్టినా అవి మామూలు సంఖ్యలే. మధ్యలో తికమక పడితే వాటి స్థానంలో 0.6990, 0.3010 రాసుకోండి. అప్పుడది ఏడో తరగతి సమీకరణంలా కనబడుతుంది.

నూటికి రెండు రూపాయల వడ్డీ

ఈ లెక్క మన ఊళ్లలో రోజూ జరిగేదే. నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తీసుకుంటే అసలు ఎన్ని నెలల్లో రెట్టింపవుతుంది? బారువడ్డీ అయితే నూరు రూపాయల వడ్డీ చేరడానికి 50 నెలలు, నోటితోనే చెప్పేయవచ్చు. నెలనెలా వడ్డీ అసలులో కలిసే చక్రవడ్డీ అయితే ప్రతి నెలా అప్పు 1.02 రెట్లవుతుంది. అప్పుడు సమీకరణం (1.02)ˣ = 2.

నాలుగు అంకెల సంవర్గమాన పట్టిక తెరవండి. ఎడమ నిలువు వరుసలో 10 పట్టుకుని, పైన 2 ఉన్న గడి దాకా వేలు జరపండి. అక్కడ 0086 ఉంటుంది, అంటే లాగ్ 1.02 = 0.0086. ఇక 20 వరుసలో 0 కింద 3010. భాగిస్తే 0.3010 / 0.0086 = 35. యాభై నెలలు పట్టే పని ముప్పై అయిదు నెలల్లో అయిపోయింది. ఇలా 1కి చాలా దగ్గరగా ఉన్న సంఖ్యకు నాలుగు అంకెల పట్టిక వాడేటప్పుడు కొంచెం జాగ్రత్త అవసరం. 0.0086లో నమ్మదగ్గ అంకెలు రెండే ఉన్నాయి. ఇక్కడ అసలు విలువ 0.00860 కావడం వల్ల జవాబు చక్కగా కుదిరింది, అన్నిసార్లూ కుదరదు.

ఊళ్లో వ్యవహారం ఈ రెంటికీ మధ్యలో నడుస్తుంది. ప్రామిసరీ నోటుకు మూడేళ్ల కాలదోషం ఉంటుంది కనుక గడువులోపు నోటు తిరగరాస్తారు. అప్పటిదాకా పేరుకున్న వడ్డీ కొత్త నోటులో అసలుగా మారుతుంది. 36 నెలలకు నూరు 172 అవుతుంది, అంటే తిరగరాసిన ప్రతిసారీ అప్పు 1.72 రెట్లు. ఎన్నిసార్లు తిరగరాస్తే పదింతలు దాటుతుంది? (1.72)ˣ = 10 నుంచి x = 1 / 0.2355 ≈ 4.25. నాలుగుంపావు సార్లు నోటు రాయలేం కాబట్టి జవాబు 5. నాలుగోసారికి 8.75 రెట్లు ఉన్నది అయిదోసారికి 15 రెట్లు దాటుతుంది. సమీకరణం దశాంశాన్ని ఇస్తుంది, దాన్ని పైకి సవరించాలా కిందికి సవరించాలా అన్నది సందర్భం చూసి మనమే తేల్చాలి.

కూడిక అడ్డొచ్చినప్పుడు

4ˣ − 2ˣ⁺¹ − 15 = 0 చూడండి. పదాల మధ్య తీసివేతలున్నాయి. చాలామంది ప్రతి పదానికీ విడివిడిగా లాగ్ తగిలించి x లాగ్ 4 − (x + 1) లాగ్ 2 = లాగ్ 15 అని రాసేస్తారు. లాగ్ గుణకారాన్ని కూడికగా మారుస్తుంది, కూడికను మాత్రం ఏమీ చేయలేదు. ఎవరైనా పిల్లలు ఇలా రాస్తే నేను లాగ్ (10 + 90) విలువ అడుగుతాను. అది లాగ్ 100, అంటే 2. విడివిడిగా కలిపితే 1 + 1.9542 = 2.9542. ఆ రెండు సంఖ్యలూ పక్కపక్కన చూసినవాళ్లు మళ్లీ ఆ తప్పు చేయడం అరుదు.

సరైన దారి ఇది.

మొదటి మెట్టు: అన్నింటినీ ఒకే ఘాతం రూపంలోకి తేవాలి. 4ˣ అంటే (2²)ˣ, అంటే (2ˣ)². 2ˣ⁺¹ అంటే 2 · 2ˣ. దీన్ని 2ˣ + 1 అని రాసేవాళ్లున్నారు. ఘాతాంకంలో 1 కలిస్తే కింద ఇంకోసారి 2తో గుణించినట్టు, 1 కూడినట్టు కాదు.

రెండో మెట్టు: 2ˣ = t అనుకోవాలి. వెంటనే పక్కనే t > 0 అని రాయాలి, లెక్క చివర గుర్తుచేసుకుందాంలే అనుకుంటే గుర్తుండదు.

మూడో మెట్టు: t² − 2t − 15 = 0. కారణాంకాలు (t − 5)(t + 3). కనుక t = 5 లేదా t = −3.

నాలుగో మెట్టు: t = −3 చెల్లదు, 2ˣ ఎన్నడూ రుణాత్మకం కాదు.

అయిదో మెట్టు: మళ్లీ x దగ్గరికి రావాలి. 2ˣ = 5. ఇక కూడిక లేదు, లాగ్ తీయవచ్చు. x = 0.6990 / 0.3010 ≈ 2.322.

t = 5 దగ్గరే ఆగిపోయి జవాబు 5 అని రాసిన పేపర్లు ఎన్నో చూశాను. t మనం తెచ్చుకున్న అద్దె పాత్ర, ప్రశ్న అడిగింది x. సరిచూడటం కూడా తేలికే: 2ˣ = 5 అయితే 4ˣ = 25, 2ˣ⁺¹ = 10, 25 − 10 − 15 = 0.

ఘాతాంకంలో రుణగుర్తు ఉంటే భిన్నం వస్తుంది. 2ˣ + 2⁻ˣ = 3 లో 2ˣ = t అంటే t + 1/t = 3. t తో గుణిస్తే t² − 3t + 1 = 0. కారణాంకాలు కుదరవు కనుక సూత్రం వాడితే t = (3 ± √5)/2, అంటే 2.618, 0.382. ఇక్కడ 0.382ను కొట్టేయకండి. అది 1 కన్నా చిన్నదే, కానీ ధనాత్మకం. దాని వల్ల x రుణాత్మకం అవుతుంది, x రుణాత్మకం కాకూడదని ఎవరూ అనలేదు. షరతు t మీద ఉంది, x మీద లేదు. లాగ్ 2.618 = 0.4180 కనుక x ≈ 1.39, రెండోది −1.39. రెండు t విలువల లబ్ధం 1 కాబట్టే జవాబులు ఒకదానికొకటి వ్యతిరేక గుర్తుతో వచ్చాయి. x బదులు −x రాసినా సమీకరణం మారదని ముందే గమనించినవాళ్లు ఒక్క మూలంతోనే పని ముగిస్తారు.

పోటీ పరీక్షలు ఇదే లెక్కకు వేషం మార్చి ఇస్తాయి: (3 + 2√2)ˣ + (3 − 2√2)ˣ = 34. రెండు ఆధారాలను గుణించి చూడండి, 9 − 8 = 1. అంటే ఒకటి t అయితే రెండోది 1/t. t + 1/t = 34 నుంచి t = 17 ± 12√2. 17 + 12√2 సరిగ్గా (3 + 2√2)² కాబట్టి x = ±2.

మూడు ఆధారాలున్నా భయం లేదు

నాకు ఈ పాఠంలో అన్నిటికన్నా ఇష్టమైన లెక్క 4ˣ + 6ˣ = 9ˣ. మూడు ఆధారాలు, మధ్యలో కూడిక. 4 = 2·2, 6 = 2·3, 9 = 3·3 అని రాసుకుని కాసేపు చూడండి. వర్గం, లబ్ధం, వర్గం. (a² + ab = b²) అన్న రూపం కనబడుతుంది. రెండు అక్షరాలున్నా ప్రతి పదంలో మొత్తం ఘాతం రెండే. ఇలాంటప్పుడు ఏదో ఒక చివరి పదంతో భాగిస్తే రెండు అక్షరాలు ఒక్క నిష్పత్తిగా కుదించుకుపోతాయి. 9ˣ ఎన్నడూ సున్నా కాదు కనుక నిస్సంకోచంగా భాగించవచ్చు.

(4/9)ˣ + (6/9)ˣ = 1. (2/3)ˣ = t, t > 0 అనుకుంటే t² + t − 1 = 0. ధన మూలం t = (√5 − 1)/2 ≈ 0.618, రెండోది రుణాత్మకం కనుక పోతుంది.

(2/3)ˣ = 0.618. లాగ్ తీస్తే x = లాగ్ 0.618 / లాగ్ 0.6667 = (−0.2090) / (−0.1761) ≈ 1.187. ఒకటి కన్నా చిన్న సంఖ్యకు లాగ్ రుణాత్మకం, ఇక్కడ పైనా కిందా రుణాత్మకమే కనుక జవాబు ధనాత్మకం. 4ˣ ≈ 5.18, 6ˣ ≈ 8.39, 9ˣ ≈ 13.57. కలిపి చూసుకోండి.

ముందు లాగ్, తర్వాత ప్రతిక్షేపణ

కొన్నిసార్లు వరుస తిరగబడుతుంది. ఆధారంలోనూ ఘాతాంకంలోనూ x ఉన్న x^(లాగ్ x) = 100x లో ఎడమ వైపు ఒకే పదం, కుడి వైపు గుణకారం. 10 ఆధారంగా లాగ్ తీస్తే (లాగ్ x)² = 2 + లాగ్ x. ఇప్పుడు లాగ్ x = u అంటే u² − u − 2 = 0, u = 2 లేదా −1. అలవాటు కొద్దీ −1ను కొట్టేయకండి! 3ˣ ధనాత్మకం కావాలి కానీ లాగ్ x ఏ వాస్తవ సంఖ్య అయినా కావచ్చు. కనుక x = 100, x = 1/10 రెండూ జవాబులే. మూలాన్ని తిరస్కరించే ముందు మీ కొత్త అక్షరం దేనికి బదులుగా వచ్చిందో ఒకసారి చూసుకోండి.

రెండూ పనిచేయని చోట

2ˣ + 3ˣ = 10 లో కూడిక ఉంది, 2ˣకు 3ˣకు ప్రతిక్షేపణ కుదిరే బంధుత్వం లేదు. ఇక్కడ నిజాయితీగా అంచనాకు దిగాలి. x పెరిగితే ఎడమ వైపు పెరుగుతూనే ఉంటుంది కనుక జవాబు ఒక్కటే ఉంటుంది. x = 1 దగ్గర 5, x = 2 దగ్గర 13. మధ్యలో 1.5 పెడితే 8.02, 1.75 పెడితే 10.20, 1.73 పెడితే 10.007. జవాబు సుమారు 1.729. కుడి వైపు 13 ఉండి ఉంటే x = 2 అని చూపుతోనే చెప్పి, ఎడమ వైపు ఎప్పుడూ పెరిగేదే కనుక మరో జవాబు లేదని ఒక్క వాక్యంలో నిరూపించవచ్చు. ఆ వాక్యం రాయకుండా ఊహతో చెప్పిన జవాబుకు పూర్తి మార్కులు ఆశించకూడదు.

మీరు చేయండి

2ˣ⁺² + 2³⁻ˣ = 33 (t ముందు గుణకం ఎంతో జాగ్రత్తగా చూడండి)
9ˣ + 5·3ˣ + 6 = 0
7ˣ = 3ˣ⁺¹
2·25ˣ − 7·10ˣ + 5·4ˣ = 0

వరుసగా జవాబులు: మొదటిదానికి 3, −2; రెండోదానికి వాస్తవ సాధన లేదు; మూడోదానికి సుమారు 1.30; నాలుగోదానికి 0, 1. రెండో లెక్కలో సూత్రాల జోలికి వెళ్లకుండానే, మూడు ధన పదాల మొత్తం సున్నా కాలేదని చూసి కలం పక్కన పెట్టినవాళ్లు ఈ పాఠాన్ని బాగా పట్టుకున్నట్టు.